గోడ చెమ్మలో ఆత్మీయ పాఠం వెతకొచ్చా? రిపేరు పనులు చేయించే ఒక సంఘ పెద్ద సమాధానం

వందనాలమ్మా.

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది విజయవాడ సింగ్‌నగర్‌లో కింది పోర్షను. 2024 వరద తర్వాత రెండుసార్లు పుట్టీ పెట్టించి రంగులేయించారు. రెండుసార్లూ నడుం ఎత్తు దాకా పెచ్చులూడింది. అత్తయ్యగారు "ఈ ఇంట్లో ఒప్పుకోని పాపమేదో ఉంది, అందుకే గోడ నిలవట్లేదు" అంటున్నారు. మీవారు "గోడకీ వాక్యానికీ సంబంధమేంటి, మేస్త్రీని పిలిస్తే పోదా" అంటున్నారు. ఈ గొడవ మధ్యలో స్త్రీల సమాజం వాళ్లు మిమ్మల్ని 'ఇంటి మరమ్మతులు నేర్పే ఆత్మీయ పాఠాలు' మీద మాట్లాడమన్నారు. అసలు ఇలాంటి పాఠాలు తీయడం సబబేనా, తీస్తే ఎలా తీయాలి అన్నది మీ ప్రశ్న.

తీయొచ్చు. కానీ గోడకు పట్టిన జబ్బేంటో ముందు తేల్చుకోవాలి, పాఠం ఆ తర్వాతే. ఇంకో మాట. మనం కూర్చుని పోలికలు అల్లక్కర్లేదు. బైబిల్లోనే గోడలు గీకించిన చోట్లు, గుమ్మాలు బాగుచేసిన చోట్లు, మేస్త్రీలకు కూలి లెక్కగట్టిన చోట్లు బోలెడు ఉన్నాయి. ముందు వాటి దగ్గరికి వెళ్లండి. అత్తయ్యగారి మాట గురించి అడిగారు కాబట్టి చెబుతున్నా, పెద్దావిడ, గౌరవంగానే చెప్పండి గానీ ఆ మాట మాత్రం తప్పు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. గుంటూరులో చిన్న కాంట్రాక్టర్ని. కొత్త ఇళ్లు తక్కువ, రిపేర్లే ఎక్కువ: స్లాబు కారడం, చెమ్మ, బీటలు, బాత్రూం లీకులు. లూథరన్ సంఘంలో పెద్దగా ఉన్నాను. పాస్టరు అయ్యగారు ఊళ్లో లేనప్పుడు ఇంటి కూటాల్లో వాక్యం చెప్పే పని నా మీద పడుతుంది. అందుకని ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ నాకు తగిలింది.

మొదట గోడ సంగతి చూద్దాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. మీ వైపు నీళ్లు రోజుల తరబడి నిలబడ్డాయి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ అన్ని రోజులు నీళ్లలో నానితే ఆరడానికి వారాలు చాలవు, నెలలు పడుతుంది. ఆరేటప్పుడు లోపలి నీరు ఇటుకలో, మాల్‌లో (సిమెంటు, ఇసుక కలిపిన ముద్దలో) ఉన్న ఉప్పును కరిగించుకుని గోడ ముఖం మీదికి వస్తుంది. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే గడ్డకడుతుంది. ఆ ఉప్పు ఉబ్బి పైపూతను బయటికి నెట్టేస్తుంది. మీరు చెప్పిన ఆ తెల్లటి పిండి అదే. పాత మేస్త్రీలు దాన్ని వేలితో తీసి నాలుక మీద వేసుకుని "ఉప్పేనండీ" అనేవాళ్లు. మీరు మాత్రం ఆ పని చేయకండి, మీ గోడ తాగింది మురుగు కలిసిన నీళ్లు. పచ్చి గోడ మీద పుట్టీ పెట్టి, దాని మీద రంగేసి, నీరు బయటికొచ్చే దారి రెండుసార్లు మూసేశారు. జరిగింది ఇంతే. వరద ఒకటి, తొందర ఒకటి. మీ గోడ కథలో పాపం అనే మూడోది లేదు.

ఇప్పుడు అత్తయ్యగారి మాటకు వద్దాం. లూకా 13వ అధ్యాయంలో సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ఉంది. కట్టడం కూలడం గురించి యేసు ప్రభువు నేరుగా మాట్లాడిన చోటు అది. వాళ్లు యెరూషలేములో మిగతావాళ్లకంటే అపరాధులనుకుంటున్నారా అని ఆయనే అడిగి, కాదు అని ఆయనే చెప్పాడు. ఆ వెంటనే వింటున్నవాళ్ల వైపు తిరిగి, మీ సంగతి చూసుకోండి, మారుమనస్సు పొందండి అన్నాడు. ఈ రెండూ కలిపి చదవాలి. కూలిన గోడను చూసి నన్ను నేను పరీక్షించుకోవచ్చు. కూలిన గోడను చూపించి పక్కవాళ్ల పాపం లెక్కగట్టడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ఆ వారం సింగ్‌నగర్‌లో చర్చిలోకీ గుడిలోకీ మసీదులోకీ బ్రాందీ షాపులోకీ నీళ్లు వచ్చాయి కదమ్మా. మీ ఒక్కరి ఇంటికి మాత్రం వేరే కారణం ఎందుకు వెతకాలి?

ఇంత చెప్పాక అత్తయ్యగారు ఒక అధ్యాయం తీసి చూపిస్తారు, అది నాకు తెలుసు: లేవీయకాండము 14. ఇంటి గోడకు కుష్ఠుపొడ, అంటే వ్యాపించే మచ్చ, పట్టడం. తీయనివ్వండి, మంచిదే. రిపేరు పని తెలిసినవాడు ఆ భాగాన్ని 33వ వచనం నుంచి నెమ్మదిగా చదివితే ఆశ్చర్యపోతాడు. గోడలో పచ్చగానో ఎర్రగానో చారలు కనిపిస్తాయి, అవి గోడ పైభాగం కంటే లోతుగా ఉంటాయి. ఇంటాయన వెళ్లి యాజకుడికి చెబుతాడు. యాజకుడు వచ్చి చూడకముందే ఇంట్లో సామానంతా బయట పెట్టించమంటుంది ధర్మశాస్త్రం. ఎందుకంటే అతను లోపలికెళ్లి అపవిత్రమని తేలిస్తే ఇంట్లో ఉన్న ప్రతి వస్తువూ దాంతోపాటు అపవిత్రమైపోతుంది. ఆ కుటుంబానికి మంచమూ కుండా అయినా మిగలాలని ముందే జాగ్రత్త. ఇక్కడ ఎంత దయ ఉందో చూడండి. తర్వాత యాజకుడు చూస్తాడు, ఇల్లు ఏడు రోజులు మూయిస్తాడు, మళ్లీ వచ్చి చూస్తాడు. వ్యాపించి ఉంటే ఆ రాళ్లే ఊడదీయిస్తాడు, లోపలంతా గీకిస్తాడు, గీకిన పెళ్లలను ఊరి బయట పారబోయిస్తాడు, వేరే రాళ్లు పెట్టించి వేరే అడుసుతో పూయిస్తాడు. అప్పటికీ తిరగబెడితేనే ఇల్లు పడగొట్టడం.

మా పనిలో ఇంతకంటే మంచి పద్ధతి లేదు. చూడు, ఆగు, మళ్లీ చూడు, పాడైనంతవరకే తీయి, తీసింది దూరంగా పారేయి, కొత్త మాల్‌తో పూయి. చెమ్మ కనబడగానే పిలిచి "మొత్తం కొట్టేద్దామండీ" అనే మేస్త్రీ ఉన్నాడు. "పైన ఒక కోటింగు వేసేద్దామండీ" అనేవాడూ ఉన్నాడు. ఇద్దరూ ఏడు రోజులు ఆగరు. సంఘంలో ఎవరిదైనా తప్పు బయటపడ్డప్పుడు మనం చేసేదీ ఇదే కదా. వెలి వేయడమో, కప్పెట్టడమో. మధ్యలో ఆగి చూడటం ఉండదు. మీ ప్రసంగానికి ఒక్క భాగమే తీసుకోవాలంటే ఇది తీసుకోండి. ఇంకోటి కూడా గమనించండి. ఈ భాగమంతా వెతికినా, నువ్వు ఏ పాపం చేశావని యాజకుడు ఇంటాయన్ని అడగడు. గోడను చూస్తాడు, గోడ గురించి తీర్పు చెబుతాడు. ఆఖర్న ప్రాయశ్చిత్తం కూడా ఆ ఇంటి కోసమే చేస్తాడు. అత్తయ్యగారికి ఈ ముక్క మీరు చెప్పడం కంటే ఆవిడ చేతే చదివించండి.

సున్నం వేసిన గోడ గురించి కూడా అడిగారు. యెహెజ్కేలు 13లో ఉంది: జనం మట్టిగోడ కట్టుకుంటే ప్రవక్తలు వచ్చి దాని మీద గచ్చుపూత పూస్తారు, వాన వచ్చి గోడ పడిపోతుంది. దీన్ని చాలామంది "పైకి భక్తి, లోపల కుళ్లు" అని విశ్వాసుల మీదికి విసురుతారు. వేషధారణ గురించి చెప్పాలంటే మత్తయి 23లో సున్నం కొట్టిన సమాధులు ఉన్నాయి, అక్కడికి వెళ్లాలి. యెహెజ్కేలు తిట్టింది పూత పూసినవాళ్లను. సమాధానం, అంటే శాంతి, లేకపోయినా ఉందని చెప్పే బోధకులను. అంటే ఈ వాక్యం మీకంటే ముందు నాలాంటి మైకు పట్టుకునేవాళ్లకు తగులుతుంది. పని భాషలో చెప్పాలంటే చెమ్మ మీటరు పెట్టకుండా రంగు అమ్మినవాడికి.

దీనికి దగ్గరలో ఒక ఇల్లు చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో పాత డాబా. హాల్లో స్లాబు కింద పెచ్చులు రాలుతున్నాయి. ఇంటాయన కూతురి పెళ్లి దగ్గర పడింది, ఫాల్స్ సీలింగు వేయించి కప్పేద్దామన్నాడు. నిచ్చెనెక్కి తాపీ వెనక చెక్కతో తట్టుకుంటూ వెళ్లాను. ఒక మూల గట్టిగా 'టక్' మంది, ఫ్యాను దగ్గరకొచ్చేసరికి డొల్ల మోత. అక్కడ కొంచెం కొట్టి చూస్తే ఊచ తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తోంది. ఇనుము తుప్పు పడితే ఉన్నదానికంటే కొన్ని రెట్లు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి కింద కాంక్రీటు పగిలి రాలుతుంది. సీలింగు వేసినంత మాత్రాన తుప్పు ఆగదు. పైనుంచి డాబా మీద నీళ్లు దిగుతున్న చోటు మూసి, కింద ఊచ వెనక దాకా కాంక్రీటు తీసి, వైరు బ్రష్షుతో గీకి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ మాల్ పెట్టి, వారం పాటు తడిపాం. పెళ్లి వాళ్లు పక్క ఇంట్లో చేసుకున్నారు. దీని నుంచి ఆయన ఏ ఆత్మీయ పాఠం నేర్చుకున్నాడో నాకు తెలియదు, బిల్లు దగ్గర మాత్రం గట్టిగానే బేరమాడాడు.

ఈ ఇల్లు ఎందుకు చెప్పానంటే, ప్రతి రిపేరులోనూ పాఠం ఉండి తీరాలని లేదు. వాషర్ అరిగింది, మార్చారు, అయిపోయింది. దేవునికి వందనం చెప్పి టీ తాగండి. నేను విన్న ఒక సందేశంలో మెయిన్ స్విచ్ తండ్రి, వైరింగు విశ్వాసం, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్చి) పరిశుద్ధాత్మ, ఫ్యాను సంఘం. ఎంసీబీ ఎందుకు పడిపోతుందో చెప్పేసరికి ఆయన చెప్పినదాని ప్రకారం పరిశుద్ధాత్మ ఓవర్‌లోడ్‌కు కట్టయిపోవాల్సి వచ్చింది. పోలికను లాగితే ఇలాంటి చోట చిక్కుకుంటాం. అలాగే పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేయరని ప్రభువు అన్న మాటను తెచ్చి పాత ఇంటి మీద పెట్టేవాళ్లు ఉన్నారు. నిజమే, వన్‌టౌన్ వైపు గానుగ సున్నంతో కట్టిన పాత గోడలకు గట్టి సిమెంటు పూత వేస్తే లోపలి తడి బయటికి రాలేక గోడే పాడవుతుంది. ఆ సంగతి నిజం. కానీ ప్రభువు అక్కడ మాట్లాడింది ఉపవాసం గురించి అడిగిన ప్రశ్నకు జవాబుగా. ఆయన చెప్పింది వదిలేసి మన సున్నం గోడ గురించి మాట్లాడితే వాక్యం పక్కకు పోతుంది.

స్త్రీల సమాజం కాబట్టి, యెరూషలేము గోడను బాగుచేసిన సంగతి ఉన్న నెహెమ్యా 3వ అధ్యాయం తప్పకుండా చదవండి. పేర్ల జాబితా అని అందరూ దాటేస్తారు. మరమ్మతు పని చేయించినవాడికి అది ప్రాణమున్న అధ్యాయం, ఎందుకంటే అది మస్టర్ రోలు. ఎవరు ఏ ముక్క పట్టుకున్నారో రాసి ఉంది. కంసాలులు ఉన్నారు, సుగంధద్రవ్యాలు చేసేవాళ్లు ఉన్నారు, ఎవరి ఇంటి ఎదురుగా ఉన్న గోడ వాళ్లే బాగుచేసుకున్నవాళ్లు ఉన్నారు. 12వ వచనంలో షల్లూము, అతని కుమార్తెలు ఉన్నారు. ఆడపిల్లలు గోడ పని చేశారని ప్రత్యేకంగా రాశారు. 5వ వచనంలో తెకోవ పెద్దమనుషులు ఆ పనికి మెడ వంచలేదని కూడా రాశారు, అదీ దాచలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 14వ వచనం. పెంట గుమ్మాన్ని బాగుచేసింది ఎవరో కూలివాడు కాదు, ఒక ప్రదేశానికి అధిపతి అయిన మల్కీయా. ఊరి చెత్త బయటికి పోయే గుమ్మం అది.

మీ వీధుల్లో బురద ఎత్తిన రోజులు గుర్తు చేసుకోండి. ఫైరింజన్లతో ఇళ్లు కడిగారు. మా సంఘం కుర్రాళ్లు కూడా పారలు పట్టుకుని వచ్చారు. హాల్లో బురద ఎత్తడానికి అందరూ దిగారు. లెట్రిన్ ట్యాంకు పొంగిన ఇంటి ముందు మాత్రం ఫోన్లు మోగడం మొదలైంది. అక్కడ ఎవరు దిగారో చూసినవాళ్లు మీ కూటంలోనే ఉండి ఉంటారు. వాళ్లను మాట్లాడనివ్వండి, మీ సందేశం కంటే బాగుంటుంది.

ఇక అసలు మాట. నా అనుభవంలో రిపేరు సమయంలో మన విశ్వాసం బయటపడేది గోడ దగ్గర కాదు, గేటు దగ్గర, సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడు. ద్వితీయోపదేశకాండము 24 సూర్యుడు అస్తమించకముందే కూలి ఇవ్వమంటుంది, ఎందుకంటే అతను పేదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో బిగబట్టిన కూలి మొరపెడుతుందని ఉంది. ఒకసారి ఒక విశ్వాసి ఇంట్లో రంగుల పని పూర్తయి కృతజ్ఞతా కూటం పెట్టారు. లోపల పాటలు. బయట ఇద్దరు ఆడకూలీలు చీర కొంగులు నడుముకు చుట్టుకుని, మడమల మీద సిమెంటు ఆరిపోయి తెల్లగా ఉండగా, రెండు రోజుల కూలి కోసం నిలబడి ఉన్నారు. "కూటం అయ్యాక రండమ్మా" అన్నారు లోపలి నుంచి. ఆ రోజు వాక్యం చెప్పాల్సింది నేనే. కూలి ఇచ్చాకే మొదలుపెడదామన్నాను. ఇంటావిడకు కోపం వచ్చింది, కానీ ఇచ్చారు.

అలాగని మేస్త్రీ ఏమడిగితే అది ఇచ్చేయమని కాదు. రెండవ రాజులు 12లో దేవాలయం బాగుచేసే పనివాళ్లను లెక్క అడగలేదు, వాళ్లు నమ్మకస్థులు అని ఉంది. ఈ వచనం చూపించి బిల్లు ఇవ్వని కాంట్రాక్టరు ఒకాయన్ని నేనెరుగుదును. అదే అధ్యాయం కొంచెం పైన చదివితే యూదా రాజు యోవాషు ఏలుబడిలో 23వ ఏడు వచ్చినా యాజకులు మరమ్మతు చేయించలేదనీ, అందుకే మూతకు బెజ్జం ఉన్న పెట్టె పెట్టించి, రాజు లేఖకుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ కలిసి డబ్బు లెక్కించి సంచుల్లో కట్టేవారనీ ఉంది. లెక్క గట్టిగా ఉంది, పనివాడి మీద మాత్రం అనుమానం లేదు. మన దగ్గర తరచూ తలకిందులుగా ఉంటుంది.

పిట్టగోడ గురించి కూడా ఒక మాట చెప్పండి. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టించమని ద్వితీయోపదేశకాండము 22:8. ఎవడైనా పడితే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి వస్తుందట. మన వైపు పై అంతస్తు తర్వాత వేద్దామని ఊచలు పైకి వదిలేసి, పిట్టగోడ లేకుండా ఏళ్ల తరబడి ఉంచుతారు. సంక్రాంతికి పిల్లలు అక్కడే గాలిపటాలు ఎగరేస్తారు. పిట్టగోడ మీటరుకు తగ్గకూడదు. ఇందులో ఆత్మీయ అర్థం వెతకాల్సిన పని లేదు, రాసి ఉన్నది రాసినట్టే చేస్తే చాలు.

(కూటంలో పిల్లలుంటే మార్కు 2 వాడుకోండి. పక్షవాయువు గలవాడిని దించడానికి నలుగురు ఆ ఇంటి కప్పు విప్పేశారు కదా, తర్వాత దాన్ని ఎవరు బాగుచేశారో రాయలేదు. నేను ఆ భాగం చదివినప్పుడల్లా ముందు ఎస్టిమేటు వేస్తాను. పిల్లలకు ఈ ప్రశ్న బాగా నచ్చుతుంది.)

ఇప్పుడు మీవారి ప్రశ్నకు. ఆయన అన్నదాంట్లో న్యాయం ఉంది, గోడను గోడలాగే బాగుచేయాలి. ఇలా చేయించండి. చెమ్మ గీతకు పైన ఇంకో అడుగు దాకా పుట్టీ, పూత మొత్తం ఇటుక కనబడేలా కొట్టించండి. ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి, నీళ్లతో కడగొద్దు, కడిగితే మళ్లీ లోపలికే పోతుంది. కిటికీలు తెరిచి ఎండాకాలం గడవనివ్వండి. వచ్చినవాళ్లు ఏమనుకుంటారో అన్న బాధ ఉంటుంది, ఓర్చుకోండి. తర్వాత ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక కలిపిన మాల్‌తో పూత, కనీసం వారం తడపడం, మళ్లీ పూర్తిగా ఆరనివ్వడం. మొదటి ఏడాది పుట్టీ, ఆయిల్ పెయింటు వద్దు, వెల్ల చాలు. నీళ్లలో మునిగిన స్విచ్ బోర్డులు ఇంకా అలాగే ఉంటే అవి ముందు మార్పించండి, గోడ సంగతి తర్వాత.

పూత పెట్టించే ముందు గోడ ఆరిందో లేదో ఇలా చూడండి. అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని ఇటుక మీద పెట్టి నాలుగు వైపులా టేపు అంటించి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు తడి బొట్లు పడితే గోడ ఇంకా పచ్చిగానే ఉంది. గది వైపు పడితే అది గదిలో ఉక్క మాత్రమే. వేసవి గడిచాక కూడా గోడ వైపు తడి వస్తుంటే అప్పుడది వరద నీరు కాదు, నేల నుంచి ఎక్కుతున్నదో పైపు కారుతున్నదో అయి ఉంటుంది. మీ వైపు రోడ్లు ఎత్తు పెంచుకుంటూ పోయారు, చాలా ఇళ్ల గచ్చు రోడ్డు కంటే కిందికి పోయింది. బయట నేల మీ గచ్చు కంటే ఎంత పైకి ఉందో, బాత్రూం ఏ గోడకు ఆనుకుని ఉందో కొలిచి రాయండి. అది చూసి ఏం చేయించాలో చెబుతాను.